వేసవి సెలవులును పదియవ తరగతియు

తొమ్మిదవ తరగతి పరీక్షలు ముగిసిన నాటినుండి పదియవ తరగతికి బడి తెఱచు నాటివఱకు నడుమనుండు కాలము మిక్కిలి కొలదిపాటిది. 2025వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమునందును తెలంగాణమునందును ఏప్రిలు 24వ తేది మొదలు జూను 11వ తేదివఱకు బడులకు వేసవి సెలవు లిచ్చిరి. లెక్కింపగా అవి 49 దినములు. ఈ కొలది దినములనుగూర్చి మన యిండ్లలో జరుగు చర్చయు, పడు ఆందోళనమును, అగు వ్యయమును చూచినచో బాలుని భవిష్యత్తంతయు వీనియందే యిమిడియున్నదేమో యని తోచును. సెలవులలోనే సగము పాఠములు ముగింపవలయును, లేనిచో వెనుకబడుదు మను మాట యిపుడు సామెతవలె వ్యాపించినది. ఈ మాట యెంతవఱకు సత్యము? దీనిని నమ్మి నడచుకొనుటవలన పిల్లలకు గలుగు లాభమేమి, నష్టమేమి? సెలవులలో చదువనే వలదా? చదువవలయునన్నచో ఏది చదువవలయును? ఈ ప్రశ్నలను పక్షపాతము లేక విమర్శించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట ఆచారమును ఉన్నదున్నట్లు చెప్పుదము. పదియవ తరగతి పరీక్ష ఆఱు విషయములలో 600 మార్కులకు జరుగును. మార్చినెలలో మొదలగు నీ పరీక్షకు పది నెలలకు పైగా ముందే, ఏప్రిలు చివరనే, కొన్ని ప్రైవేటు పాఠశాలలవారు తొమ్మిదవ తరగతి ముగించిన పిల్లలను మరల పిలుతురు. సెలవులలో తరగతులు నడుపగూడదని విద్యాశాఖవారు ఆజ్ఞాపించుచునే యుందురు. బడులవారు పేరు మార్చుచునే యుందురు. ఒకచోట అది వేసవి శిబిరము, ఒకచోట పునాది తరగతి, వేఱొకచోట వారధి తరగతి. పేరేదైనను లోపల జరుగునది యొక్కటే: పదియవ తరగతి గణితమున మొదటి ప్రకరణము, విజ్ఞానశాస్త్రమున మొదటి పాఠము, వాని ప్రశ్నలు, వాని జవాబులు. ఆ తరగతులకు పోజాలని వారికొఱకు అంగడిలో గైడు పుస్తకములు కలవు. సెల్ ఫోనులో పాఠములు కలవు. ఇవిగాక, తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేచుట మొదలు రాత్రి పది గంటలకు పండుకొనువఱకు ఏ గంటకు ఏది చదువవలయునో గీతలు గీసి చూపు కాలపట్టికలును కలవు. ఆ పట్టికలలో అన్నము తినుటకు గంట కలదు, ఆటకు అరగంట కలదు. చదివినదానిని గూర్చి ఆలోచించుటకు మాత్రము చోటు కానరాదు.

ఈ యాచారమును సమర్థించువారు తెలివిలేనివారు కారు. వారి వాదమున బలము కలదు గనుక దానిని ముందుగా వినుట న్యాయము. పాఠ్యభాగము విస్తారము, కాలము స్వల్పము అని వారందురు. ఇంగ్లీషు మాధ్యమమున చదువు పిల్లలకు ఒకమాఱు విన్న పాఠము మనసుకెక్కదు. ముందొకమాఱు విన్నచో బడిలో రెండవమాఱు తేలికయగును అందురు. ఎదుటి యింటి పిల్లవాడు చదువుచుండగా మా పిల్లవాడు వీధిలో తిరుగుచున్నచో వెనుకబడడా యని యడుగుదురు. చదువు లేకున్నచో పిల్లలు నడిరాత్రివఱకు ఫోను చూచి చెడిపోవుదురని తల్లులు మొఱపెట్టుకొందురు. ఈ నాలుగు మాటలలో ఏదియు నవ్వి త్రోసివేయదగినది కాదు. కావుననే యొక్కొక్కదానిని పరీక్షింపవలసియున్నది.

మొదటిది కాలము చాలదనుట. మన బడులలో పాఠ్యభాగమును పరీక్షకు చాల ముందుగనే ముగించి, తరువాతి మాసములను పునశ్చరణమునకును మాదిరి పరీక్షలకును కేటాయించుట రెండు రాష్ట్రములందును వాడుకయే. ఉదయము ప్రత్యేక తరగతి, సాయంకాలము ప్రత్యేక తరగతి, ఆదివారమునను తరగతి జరుగు బడులు పెక్కులు. ఇట్లుండగా సెలవులలో ఒకమాఱు, బడిలో ఒకమాఱు, పునశ్చరణమున ఒకమాఱు అదే పాఠము మూడుమాఱులు నడచుచున్నది. మూడుమాఱులు నడచిన పాఠము మూడింతలు గట్టిపడవలదా? అట్లు జరుగుటలేదు. మే నెలలో జవాబును వల్లించిన బాలుడు జూలై నెలలో ఉపాధ్యాయుడు ఆ పాఠమును వివరించునపుడు ఎఱిగినవానివలె కూరుచుండును. అతనికి విషయము తెలిసినది లేదు. తెలిసికొనవలయునను కోరిక మాత్రము చచ్చినది. కథ చివర యేమగునో ముందే విన్నవానికి పురాణకాలక్షేపమున నిద్రవచ్చినట్లు, ఇతనికి తరగతిలో నిద్ర వచ్చును. సెలవు తరగతివలన మొట్టమొదట చెడునది సెలవు అని యందఱు ననుకొందురు. నిజమునకు మొట్టమొదట చెడునది బడియే. పైరు పచ్చిగా నుండగా కోసినవానికి గడ్డియైనను దక్కునుగాని గింజ దక్కదు.

రెండవది ఇంగ్లీషు పాఠము అర్థముకాదనుట. ఇది సత్యము. అయితే అర్థము కాకపోవుటకు కారణము భాషయైనపుడు, అర్థముకాని పాఠమునే మరియొకమాఱు వినిపించుట ఔషధ మెట్లగును? ఈ సందర్భమున మన సాహిత్యమున ప్రసిద్ధమైన యొక సెలవుల చదువును జ్ఞప్తికి దెచ్చుకొనుట మంచిది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము, మనమిపుడు చదువు 1909వ సంవత్సరపు కూర్పునందు, ఒక విధముగా సెలవుల ట్యూషనుతోనే మొదలగుచున్నది. పట్టణమున నిలువ వీలుపడని గిరీశము, సెలవులలో చదువు చెప్పెదనను నెపముతో శిష్యుడైన వెంకటేశమును వెంటబెట్టుకొని కృష్ణరాయపుటగ్రహారము చేరును. అచ్చట పిల్లవాని తల్లి, తన కొడుకు ఇంగ్లీషు మాటలాడగా వినవలయునని కోరును. అప్పుడు గురుశిష్యులిద్దఱును పొంతనలేని పద్యపు ముక్కలను, వాచకపు వాక్యములను సంభాషణమువలె ఒకరికొకరు అప్పగించుకొందురు. తల్లికి పరమానందమగును.

ఆ ఘట్టమును చదివి మనము నూఱేండ్లకు పైగా నవ్వుచున్నాము. నవ్వుటే గాని దానియందలి విమర్శను గ్రహించితిమా? ఆ తల్లి చేసిన దోషమేమియు లేదు. ఆమెకు ఇంగ్లీషు రాదు. కొడుకు చదువును కొలుచుటకు ఆమెచేతిలో కొలత లేదు. కొలత లేనిచోట శబ్దమే విద్యగా చెల్లుబాటగును. నేడును మే నెల చివర పిల్లవాడు పది జవాబులు గడగడ వప్పజెప్పగా విని మురియు తల్లిదండ్రులు పెక్కుమంది యదే స్థితియం దున్నారు. వారిని పరిహసించుట తగదు. వారిచేతికి కొలత నిచ్చుట తగును. ఆ కొలత కష్టమైనదికాదు. పిల్లవాడు ఏ భాషలో చదివినను, చదివిన దానిని ఇంటిభాషలో, తనమాటలలో, అవ్వకు అర్థమగునట్లు చెప్పగలడా యని చూడవలయును. అద్దమునకును కటకమునకును భేదమేమో, వడ్డీ యెట్లు పెరుగునో తెలుగున చెప్పగలిగినవానికి పాఠము వచ్చినది. చెప్పలేనివానికి రాలేదు. ఈ పరీక్ష చేయుటకు తల్లికి అక్షరజ్ఞానమైనను అక్కఱలేదు.

మూడవది ఎదుటి యింటి భయము. వీధినాటకము చూచువారిలో ముందు వరుసవారు లేచి నిలిచినచో వెనుకవారును లేచి నిలువవలసి వచ్చును. కడకు అందఱును నిలిచియే యుందురు. కూరుచుండి చూచిననాటికంటె ఎవ్వరికిని ఎక్కువ కనబడదు. కాళ్లనొప్పి మాత్రము అందఱికిని మిగులును. సెలవుల చదువు మన యూళ్లలో ఇట్లే వ్యాపించినది. ఒక బడి మొదలుపెట్టగా పక్కబడి మొదలుపెట్టును. ఒక తండ్రి డబ్బు కట్టగా వేఱొక తండ్రి అప్పుచేసి కట్టును. ఈ పందెమున గెలిచినవారు కానరారు. ఇంతటి పరుగు ఏ సంతలో అమ్ముకొనుటకు? 2020, 2021 సంవత్సరములలో కరోనా మహమ్మారి కారణముగా రెండు రాష్ట్రములందును పదియవ తరగతి పరీక్షలు రద్దయి, విద్యార్థులెల్లరును ఉత్తీర్ణులుగా ప్రకటింపబడిరి. మార్కులకొఱకే వల్లించినవారి సరకునకు ఆ రెండేండ్లు కొనువాడు లేకపోయెను. నేర్చినవారి చదువుమాత్రము తరువాతి తరగతులలో వారివెంట వచ్చినది.

నాలుగవది ఫోను భయము. ఈ భయము యథార్థమైనది. అయితే చదువు పేరిట ఆ ఫోనునే పిల్లవానిచేతికిచ్చి, పాఠము చూడుమని గదిలో విడిచి పోవుట దీనికి మందుగాజాలదు. పనిలేని సోమరితనమునకును పండ్రెండుగంటల ఖైదునకును నడుమ మనుష్యుడు నడువదగిన బాట యొకటి కలదు. అదేమో ఇకముందు చెప్పుదుము.

అంతకుముందు, వల్లించినది ఎంతకాలము నిలుచునో తెలిసికొనవలయును. జర్మనీ దేశస్థుడగు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను శాస్త్రజ్ఞుడు తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకొని 1885వ సంవత్సరమున ఒక గ్రంథము ప్రకటించెను. అర్థములేని అక్షరముల సముదాయములను కంఠస్థముచేసి, కొంతకాలము గడచిన తరువాత వానిలో ఎన్ని నిలిచినవో లెక్కించుట ఆయన పద్ధతి. మఱపు మొదటి గంటలలోను దినములలోను వేగముగా వచ్చి, తరువాత మందగించునని ఆయన కనుగొనెను. అర్థముతెలియని జవాబునకును అర్థములేని అక్షరములకును బాలుని మనస్సునందు గల తేడా స్వల్పమే. మే నెలలో నింపిన కుండ జూను నెలలోనే వట్టిపోయినచో ఆశ్చర్యమేల?

అమెరికాలో రోడిగర్, కార్పికీ అను పరిశోధకులు 2006వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధన మఱింత ఉపయుక్తమైనది. కొందఱు విద్యార్థులు ఒక పాఠమును మరలమరల చదివిరి. మఱికొందఱు ఒకమాఱు చదివి, పుస్తకము మూసి, జ్ఞాపకమున్నంతవఱకు వ్రాసిరి. అయిదు నిమిషముల తరువాత పరీక్షింపగా మరలమరల చదివినవారే మేలనిపించుకొనిరి. వారము గడచిన తరువాత పరీక్షింపగా, మూసి వ్రాసినవారే ఎక్కువ చెప్పగలిగిరి. మన సెలవు తరగతులు అయిదు నిమిషముల ఫలితమును చూచి సంతోషించు తరగతులు. సాయంకాలము అప్పగించిన జవాబును చూచి నేర్చినాడనుకొందుము. జూనులో అదే బాలుని అడుగువారు లేరు.

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. పదియవ తరగతిలో పిల్లలు తడబడుటకు కారణము పదియవ తరగతియందు వెదకుట మన పొరపాటు. గ్రామములలో 14 మొదలు 18 ఏండ్ల వయసు గలవారి చదువును 2023వ సంవత్సరమున ప్రథమ్ సంస్థవారు పరీక్షించి, 2024 జనవరిలో అసర్ అను నివేదికను ప్రకటించిరి. 26 రాష్ట్రములలోని 28 జిల్లాలలో జరిగిన పరీక్షయిది. బడికి పోవువారిని, మానినవారిని కూడ లెక్కించిరి. వారిలో నూటికి సుమారు 25గురు తమ ప్రాంతీయభాషలోని రెండవ తరగతి పాఠమును ధారాళముగా చదువజాలకుండిరి. మూడంకెల సంఖ్యను ఒక్క అంకెతో భాగించు లెక్కను సరిగా చేసినవారు నూటికి 43.3 మాత్రమే. ఈ సంఖ్యలు మన రెండు రాష్ట్రములకే చెందినవి కావు. అయినను మన యుపాధ్యాయులకు ఇవి క్రొత్తవార్తయు కావు. ప్రతి తరగతి గదిలోను ఇట్టివారు వెనుక బల్లలమీద మౌనముగా కూరుచుండియేయున్నారు.

ఇట్టి బాలునకు మే నెలలో వర్గసమీకరణములు చెప్పినచో ఏమగునో చూడుడు. ఆ ప్రకరణమున మొదటనే, గుణించినచో 6, కూడినచో 5 అగు రెండు సంఖ్యలు ఏవి యను ప్రశ్న వచ్చును. ఎక్కములు వచ్చిన బాలుడు 2, 3 అని క్షణములో చెప్పును. రానివాడు నల్లబల్లను చూచి ఎక్కించుకొనును. తరువాత గుణించినచో ఋణ 6, కూడినచో 1 అగు సంఖ్యలు అడిగిరనుకొనుడు. ఋణసంఖ్యల గుణకారము ఏడవ తరగతియందే సందేహముగా మిగిలినవానికి, 3, ఋణ 2 అను జవాబు మంత్రమువలె వినబడును. త్రికోణమితి వచ్చును. అది యంతయు నిష్పత్తి మీద నిలిచినది. భిన్నములను చూచి బెదరువాడు చెట్టునీడను కొలిచి చెట్టు ఎత్తు చెప్పు లెక్కను ఎన్నటికి ఆనందింపగలడు? రసాయన సమీకరణమును తుల్యము చేయుట వచ్చును. పరమాణువనగా నేమో, సంయోజకత యనగా నేమో తొమ్మిదవ తరగతిలో తెలియకపోయినచో, అది అంకెల గారడీగా కనబడును. ఇట్టివానికి ముందు పాఠములు చెప్పుట నేల విడిచి సాము చేయించుటయే.

కావున మా సిద్ధాంతమిది: వేసవి సెలవులు వెనుకటి బాకీని తీర్చుటకు తగినకాలము, ముందటి పంటను కోయుటకు తగిన కాలము కాదు. బడి నడచు దినములలో వెనుకకు తిరిగి చూచుటకు ఉపాధ్యాయునకు తీరికయుండదు. పాఠము పాఠమును తఱుముచుండును. సంవత్సరమున ఈ యొక్క కాలముననే తఱుమువారు లేరు. ఏడవ తరగతి లెక్కను పదునాలుగేండ్లవాడు సిగ్గుపడక చేయగల చోటు, తోటివారు లేని తన యింటి అరుగు ఒక్కటే. ఆ చోటునుకూడ పదియవ తరగతి పాఠములతో నింపినచో అతని బాకీ ఎన్నటికిని తీరదు.

ఇది ఆచరణమున ఎట్లుండవలయును? మొదటి పది దినములు పుస్తకము ముట్టనక్కఱలేదు. అమ్మమ్మ యింటికి పోవుట, చెఱువున ఈతనేర్చుట, మామిడితోటలో తిరుగుట, కావలసినంత నిద్రించుట యీ దినముల పని. చివరి నాలుగు దినములను బట్టలకు, పుస్తకములకు, ప్రయాణమునకు విడువవలయును. నడుమ 35 దినములు మిగులును. దినమునకు రెండు గంటలు, ఎండ ముదురకముందు, కూరుచున్నచో మొత్తము 70 గంటలగును. ఈ డెబ్బది గంటలు చాలునా యని సందేహింపవలదు. శ్రద్ధతో చేసినది చాలును, శ్రద్ధలేనిది ఏడువందల గంటలైనను చాలదు.

మొదటి గంట గణితమునకు. ఆఱవ, ఏడవ, ఎనిమిదవ తరగతుల పాతపుస్తకములను తెచ్చుకొని, ప్రతి అభ్యాసమునందును రెండేసి లెక్కలు చేయుచు పోవలయును. చేయి ఎచ్చట ఆగునో అచ్చటనే చదువు మొదలుపెట్టవలయును. భిన్నములు, దశాంశములు, ఋణసంఖ్యలు, నిష్పత్తి, శాతము, కారణాంకములు, సులభ సమీకరణములు: ఇంతకుమించి అక్కఱలేదు. లెక్క చూచి లెక్క వ్రాయగూడదు. పుస్తకము మూసి చేయవలయును. తప్పిన లెక్కను మూడు దినముల తరువాత మరల చేయవలయును. మఱచుచున్న సమయమున జ్ఞప్తికి దెచ్చుకొన్నది నిలుచునని పైని చెప్పిన పరిశోధనవలన తెలియుచున్నదిగదా.

రెండవ గంట భాషకు. ఒకదినము తెలుగు, ఒకదినము ఇంగ్లీషు. పాఠ్యపుస్తకము కాని పుస్తకము కావలయును. కథలు, జీవితచరిత్రములు, యాత్రలు, వార్తాపత్రిక, ఏదైనను మంచిదే. అరగంట చదివి, పుస్తకము మూసి, తాను చదివినదానిని ఒక పుటలో వ్రాయవలయును. చేతివ్రాతయు, వాక్యనిర్మాణమును, ఆలోచనయు ఒక్క పనిచేతనే బాగుపడును. గ్రంథాలయోద్యమమునకు మన దేశము పుట్టినిల్లు వంటిది. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము 1901వ సంవత్సరముననే స్థాపింపబడినది. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. అట్టి దేశమున పదియవ తరగతికి పోవు బాలునకు గైడు తప్ప వేఱు పుస్తకము చేతికి దొరకని యూళ్లు ఇంకను ఉండుట మనకు గౌరవముకాదు. సెలవులలో బడి గ్రంథాలయపు బీరువాకు తాళము వేయక, వారమునకు రెండు పూటలు తెఱచియుంచుటకు ఏ గొప్ప వ్యయమును కాదు.

ఈ రెండు గంటలు గడచిన తరువాత దినమంతయు పిల్లవానిదే. తండ్రితో బ్యాంకునకు పోయి చీటి నింపుట, బస్సులో పోవునపుడు పటమున ఆ త్రోవను వెదకుట, సైకిలు విప్పి బిగించుట, తల్లికి వంటలో సాయపడుట చదువుగాదని ఎవరందురు? సాంఘికశాస్త్రమున పటముపై గోదావరిని గుర్తింపలేనివాడు, ఆ నదిని ఒకమాఱు వంతెనమీద దాటుచు ఎటువైపు పాఱుచున్నదో చూచినచో మఱల మఱవడు.

పిల్లల చదువు భారమును తగ్గింపవలయునన్న మాట క్రొత్తది కాదు. రాజ్యసభ సభ్యుడుగానున్న కాలమున ఆర్.కె. నారాయణ్‌గారు పిల్లల సంచుల బరువునుగూర్చి చేసిన యుపన్యాసము దేశమంతట పేరెన్నిక గన్నది. 1992వ సంవత్సరమున ఆచార్య యశ్‌పాల్‌గారి యధ్యక్షతను ఏర్పడిన సంఘము 1993లో నివేదిక నిచ్చుచు, సంచి బరువుకంటె అర్థముకాని చదువే పెద్ద భారమని తేల్చినది. ముప్పదియేండ్లు గడచినవి. సంచిని తేలిక చేయుటకు కొంత యత్నము జరిగినది. అర్థముకాని చదువును మాత్రము బడి దినములు దాటించి సెలవులలోనికికూడ వ్యాపింపజేసితిమి.

ఇంతవఱకు మేము చెప్పినదంతయు సెలవులు గల పిల్లలనుగూర్చి. సెలవులు లేని పిల్లలు మన దేశమున పెక్కుమంది కలరు. వారిని మఱచి సెలవుల చదువునుగూర్చి వ్రాయుట అసంపూర్ణము. ఏప్రిలు, మే మాసములు గోదావరికి ఇరువైపుల అడవి పల్లెలలో తునికాకు కోసెడి కాలము. కుటుంబమంతయు తెల్లవాఱకముందే అడవికి పోవును. ఇటుకబట్టీలకు వలసపోయిన కుటుంబముల పిల్లలు వేసవి గడచువఱకు సొంత యూరే చేరరు. పట్టణములలో దుకాణములయందును భోజనశాలలయందును చేరి, బడి పుస్తకములకు కావలసిన డబ్బు సంపాదించుకొను బాలురు కలరు. వీరికి తెల్లవాఱుజామున నాలుగుగంటల పట్టికను చూపుట పరిహాసము. దినమున రెండుగంటలే చదువవలయునను మా సూచన వీరికిని కొంత అందుబాటులో నుండును. పాతపుస్తకములే కావలయును గనుక కొనవలసినదియు లేదు. సెలవుల చదువు ధనికుల చదువు కాకుండవలయునన్నచో అది చిన్నదిగా నుండవలయును.

ఆడుపిల్లల విషయము మఱింత గంభీరమైనది. వైశాఖ, జ్యేష్ఠ మాసముల ముహూర్తములు ఈ సెలవులలోనే వచ్చును. తొమ్మిదవ తరగతి ముగించిన బాలికకు పదునాలుగో పదునైదో ఏండ్లుండును. ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసిన 2009వ సంవత్సరపు చట్టము 6 మొదలు 14 ఏండ్లవారికే వర్తించును. పదియవ తరగతి వాకిట నిలుచునప్పటికి ఆ రక్షణ పెక్కుమందికి తీరిపోవును. బాల్యవివాహములను నివారించుటకు 1929లో శారదాచట్టము వచ్చినది. దాని స్థానమున 2006లో మఱింత గట్టి చట్టము వచ్చినది. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ప్రకారము, 20 మొదలు 24 ఏండ్ల వయసు గల స్త్రీలలో 18 ఏండ్లు నిండకమున్నే వివాహమైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున 23.5. దేశమంతటి లెక్క 23.3 మాత్రమే. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాలను 1874వ సంవత్సరమున స్థాపించిరి. ఆయన పుట్టిన రాష్ట్రమున నేటికిని లెక్క యిట్లున్నది.

ఇట్టి బాలికకు పదియవ తరగతికి సిద్ధమగుట యనగా ఏ పాఠము? జూను 12వ తేదిని ఆమె బడి గడప మరల త్రొక్కుటయే ఆమెకు మొదటి సిద్ధత. అది ఆమెచేతిలో లేదు, పెద్దలచేతిలో ఉన్నది. సెలవులకుముందు ప్రధానోపాధ్యాయుడు తొమ్మిదవ తరగతి బాలికల పట్టికను వ్రాసి, మే నెలలో రెండుమాఱులైనను వారి యిండ్లకు ఒక ఉపాధ్యాయురాలిని పంపినచో, ఎన్నో పెండ్లిమాటలు మాటలుగానే ఆగిపోవును. క్రొత్త గైడు పుస్తకమునకు పెట్టు శ్రమలో పదవవంతు దీనికి పెట్టినచో ఫలము పదింతలగును. తరగతిలో మొదటి స్థానము వచ్చిన బాలుని పటమును గోడకు అంటించు బడులు, జూను నెలలో తిరిగిరాని బాలికల సంఖ్యనుగూడ ఆ గోడమీదనే వ్రాసినచో, మనము వేటిని చదువుగా నెంచుచున్నామో మనకే తెలియును.

తల్లిదండ్రులకు మా విన్నపము స్వల్పమైనది. సెలవు తరగతికి డబ్బు కట్టకముందు, మీ బిడ్డను కూరుచుండబెట్టుకొని, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగింపుమనుడు. ఒక వార్తను బిగ్గరగా చదివి తనమాటలలో చెప్పుమనుడు. రెండును చేయగలిగినచో అతనిని ఆడుకొననిండు. జూనులో బడి అతనికి చెప్పవలసినది చెప్పును. చేయలేకపోయినచో కోపగింపకుడు, పోల్చకుడు, భయపెట్టకుడు. దినమునకు రెండుగంటలు ప్రక్కన కూరుచుండుడు. మీకు లెక్క రాకపోయినను ప్రక్కన కూరుచుండుట చాలును.

ఉపాధ్యాయులకు మా విన్నపము మఱియొకటి. ఏప్రిలులో సెలవులిచ్చు దినమున పదియవ తరగతి మొదటి పాఠములను వ్రాసికొని రమ్మని పని యిచ్చుటకు బదులు, ఏ బాలుడు ఎచ్చట ఆగియున్నాడో ఒక చీటిమీద రెండు పంక్తులు వ్రాసి ఇండు. ఒకనికి భిన్నములు, ఒకతెకు ఇంగ్లీషు చదువుట, మఱియొకనికి గుణింతములు కావచ్చును. ఏడాదిపొడుగున పిల్లలను చూచినవారు మీరు. ఈ రెండు పంక్తులను మీరుతప్ప ఏ గైడు పుస్తకమును వ్రాయజాలదు. పాత బాకీ తీరిన పిల్లలు జూను 12వ తేదిని తరగతిలో కూరుచుండిననాడు, వర్గసమీకరణమును మొదటిమాఱు వినుచున్నను వారికి అది అపరిచితముగా తోచదు. అట్టి తరగతికి పాఠము చెప్పుట ఎంత సుఖమో అనుభవమున్న యుపాధ్యాయులకు మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.